గుర్తు ఎచ్చట నుండవలెను?



పాటను చెవితో విని నేర్చుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న పద్ధతి. పాటను వ్రాసి దాచుట దానికి తరువాతి పద్ధతి. అట్లు వ్రాయునపుడు స, రి, గ, మ అను అక్షరములు వరుసగా పేర్చిన మాత్రమున పని తీరదు. ఏది మంద్రస్వరము, ఏది తారస్వరము, కంఠము ఎచ్చట కదలవలెను, ఎచ్చట జారవలెను అని తెలుపుటకై అక్షరముల పైనను క్రిందను చిన్న గుర్తులు పెట్టుదురు. ఆ గుర్తులు ఎట్టివో చెప్పినవారు పలువురు కలరు. అవి ఎచ్చట నుండవలెనో ఆలోచించినవారు కొలదిమంది. నేటి ప్రసంగమున ఈ రెండవ ప్రశ్ననే నేను తీసికొందును. రేడియోలో గుర్తులను చూపుటకు వీలులేదు. పైన, క్రింద అని నోటితో చెప్పుకొనవలసినదే. ఆ కష్టము ఈ విషయమునకు మేలే చేయు నని నా తలంపు.

నేను ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి, ఉద్యోగవిరామానంతరము తార్నాకలో నివసించుచున్నవాడను. సంగీత విద్వాంసుడను గాను. వేదమును కొంత, శాస్త్రమును కొంత గురుముఖమున విన్నవాడను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము మా యింటికి నడకదూరమున నున్నది. అందు చదువుకొను పిల్లలు అప్పుడప్పుడు వచ్చి నన్ను సందేహము లడుగుచుందురు. ఇపుడు చెప్పబోవు విషయములు పెక్కు అట్టి ప్రశ్నలకు సమాధానము వెదకుటలో నాకు దొరకినవే.

మొదట వేదమును చూతము. తైత్తిరీయ సంహితను అచ్చువేసిన పుస్తకములలో అక్షరము క్రింద అడ్డగీత యున్నచో అది అనుదాత్తము. అక్షరముపై నిలువుగీత యున్నచో అది స్వరితము. ఉదాత్తమునకు గుర్తే లేదు. మన పల్లెలలో వేదపాఠశాలకు పోయిన ప్రతి బాలుడును ఇది యెఱుగును. ఇదే బాలుని చేతికి శతపథ బ్రాహ్మణ మిచ్చినచో ఏమగును? అందును అక్షరము క్రింద అడ్డగీత కలదు. కాని అచ్చట అది ఉదాత్తమును తెలుపును. మైత్రాయణీ సంహితలో మరియొక విధము. అందు అక్షరముపై నిలువుగీత స్వరితమునకు గాక ఉదాత్తమునకు గుర్తు. గీత యొక్కటే, చోటు ఒక్కటే, అర్థము మాత్రము శాఖను బట్టి మారినది. గురువు ప్రక్కన గూర్చుండి చెప్పువఱకు ఆ గీత నోరు విప్పదు.

సంగీతశాస్త్రమునకు వచ్చినను ఇదే కథ. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున దేవగిరిలో సంగీతరత్నాకరమును రచించెను. ఆయన పద్ధతిలో తలపై చుక్క గల స్వరము మంద్రము. తలపై నిలువుగీత గల స్వరము తారము. నేడు మన తెలుగు పుస్తకములలో అక్షరముపై చుక్క యున్నచో అది తారస్థాయి, క్రింద నున్నచో మంద్రస్థాయి. నేటి పద్ధతి నెఱిగి రత్నాకరమును చదువువాడు, మంద్రమును తారముగా పాడును. మనకు నవ్వు వచ్చును గాని, ఈ భేదము పుస్తకములలో నిద్రించుచున్న పాతసంగతి కాదు. గత శతాబ్దమున హిందూస్థానీ సంగీతమునకు రెండు లిపులు ఏర్పడెను. 1901లో లాహోరున గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించిన విష్ణు దిగంబర పలుస్కరు గారు శార్ఙ్గదేవుని మార్గముననే మంద్రమునకు పైచుక్క పెట్టిరి. విష్ణు నారాయణ భాత్‌ఖండే గారు మంద్రమునకు క్రిందిచుక్క, తారమునకు పైచుక్క పెట్టిరి. ఇరువురును మహనీయులే, ఇరువురి శిష్యులును దేశమంతట వ్యాపించిరి. ఒకరి పుస్తకమును మరియొకరి పద్ధతితో చదివినచో పాట తలక్రిందగును.

ఇంత భేదమున్నను మనము రత్నాకరమును చదువగలుగుచున్నాము. కారణ మేమనగా, చుక్క తలపై నున్నచో మంద్రమని శార్ఙ్గదేవుడు మాటలతో చెప్పియుంచెను. ఆ మాట లేనిచో ఏమగునో తెలియుటకు పుదుక్కోటకు పోవలెను. అచ్చటి కుడుమియామలై కొండపై పల్లవగ్రంథలిపిలో చెక్కిన స్వరశాసన మొకటి కలదు. అది సుమారు 7వ శతాబ్దమునాటిదని శాసనజ్ఞుల యభిప్రాయము. అందు కొన్ని స్వరాక్షరములపై చుక్కలు కలవు. ఆ చుక్కల కర్థమేమో శాసనము చెప్పదు. స్థాయి యని కొందఱు, ఒత్తి పలుకుట యని కొందఱు, మరియొకటి యని ఇంకొందఱు. శిల్పి ప్రతి చుక్కను ఎంతో శ్రద్ధతో రాతిలో దింపెను. ఆ రాయి పదమూడు వందల యేండ్లు నిలిచినది. చుక్క నిలిచినది, దాని యర్థము నిలువలేదు.

మన తెలుగువారి యింట ఇంతకంటె పెద్ద నష్టము కలదు. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై దొరకినవని మన మందఱము ఎఱుగుదుము. ఆ రేకులపై ప్రతి పాటకు రాగము పేరు కలదు, స్వరము లేదు. శతాబ్దముల పిమ్మట రేకులు వెలుగు చూచునప్పటికి ఆ మెట్లను పాడువారు లేరు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వంటి పెద్దలు ఆ పాటలలో పెక్కింటికి తామే స్వరములు కూర్చవలసి వచ్చెను. అవి మనోహరములే. ఐనను 15వ శతాబ్దమున ఆచార్యుని నోట ఆ పాట ఎట్లు పలికెనో నేడు చెప్పగలవా రెవరును లేరు.

గమకములకు గుర్తులు కావలె నను తలంపు మన దేశమునకు క్రొత్తది కాదు. 1609లో సోమనాథుడు రాగవిబోధమును రచించుచు, వీణపై తీగను మీటుటలోను, లాగుటలోను గల భేదములకు ఇరువదికి పైగా గుర్తులు కల్పించి, ఒక్కొక్కదాని యర్థమును వ్రాసెను. ఈ సోమనాథుడు ఆంధ్రుడని పండితు లందురు. ఆయన మార్గము మాత్రము వెంటనే ప్రచారమునకు రాలేదు. తాటాకుపై గంటముతో వ్రాయువారికి చుక్కయన్న భయము. గంటపు మొన ఆకును తూట్లు పొడుచును. అరవదేశపు లేఖకులు పొల్లుచుక్కనే తఱచు విడిచిపెట్టిరి. అట్టి ఆకుపై స్వరమునకు చుక్క, గమకమునకు గుర్తు, కాలమునకు గీత పెట్టువా డెవడు?

అచ్చుయంత్రము వచ్చిన తరువాత ఈ చిక్కు కొంత వదలెను. 1893 ప్రాంతమున మదరాసులో చిన్నస్వామి మొదలియారు గారు మన కీర్తనలను ఐరోపావారి ఐదుగీతల లిపిలో అచ్చువేయ బూనిరి. గమకములు లేని కర్ణాటక సంగీతము ప్రాణము లేని దేహమని వారు తెలిసినవారు. ఎట్టయాపురపు ఆస్థాన విద్వాంసులైన సుబ్బరామ దీక్షితుల వారిని, తమ కంఠమున నున్నదానినంతయు వ్రాసి లోకమున కిమ్మని వారు ప్రార్థించిరి. దీక్షితుల వారు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలస్వామి దీక్షితుల దౌహిత్రులు, దత్తపుత్రులు. వారు 1839లో జన్మించిరి. ఎట్టయాపుర ప్రభువుల పోషణమున 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఆ యూరనే అచ్చయ్యెను. అరవదేశపు చిన్నపట్టణమున అచ్చైన ఆ మహాగ్రంథము తెలుగు గ్రంథము. నాటి దాక్షిణాత్య గాయకులకు శాస్త్రభాష తెలుగే యగుట దీనికి కారణము. గ్రంథము వెలువడిన రెండేండ్లకు, 1906లో, దీక్షితుల వారు స్వర్గస్థులైరి. ఆ రెండేండ్లు ముందుగా వారు పోయియున్నచో ఎంత పోయెడిదో తలచుకొనుడు.

ఆ గ్రంథములోని గుర్తులను మీకు మాటలతో చూపెదను. కంపితమునకు అలవలె వంకరగీత. స్ఫురితమునకు మూడు చుక్కలు: పైన ఒకటి, క్రింద రెండు. ప్రత్యాహతమునకును మూడు చుక్కలే, కాని పైన రెండు, క్రింద ఒకటి. స్ఫురితము స్వరములు జంటజంటగా ఎక్కునపుడు వచ్చును, ప్రత్యాహతము దిగునపుడు వచ్చును. అనగా చుక్కల లెక్క మారలేదు, వాని కూర్పు మాత్రము తలక్రిందైనది. దానితో గమకమే మారినది. జారునకు వాలుగీత. ఒకవైపు వాలినచో పైకి జారుట, రెండవవైపు వాలినచో క్రిందికి జారుట. వీనికి ఆయన వాడిన పేళ్లు ఏట్ర జారు, ఇరక్క జారు. అరవమును తెలుగును కలిసిన ఆ పేళ్లలోనే నాటి సంగీతజ్ఞుల సంసారము కనబడుచున్నది. ఈ గుర్తుల వివరణమును గ్రంథము ముందుభాగముననే వారు వ్రాసియుంచిరి. అందుచేతనే నూట యిరువదియేండ్ల తరువాతను ఆ పుట ఎదుట గూర్చుండి దీక్షితుల వారిని వినగలుగుచున్నాము.

ఇక తెలుగులిపికి ప్రత్యేకముగా నొక చిక్కు కలదు. రి, ని అను రెండక్షరములకు తలపై గుడి యున్నది. తక్కిన వానికి తలకట్టు లున్నవి. తారస్థాయి చుక్కకు చోటు ఆ తలపైననే, గమకపు గుర్తునకును అచ్చటనే. క్రింద ఖాళీ కలదని సంతోషింతమా, ద అక్షరము క్రింద మంద్రపు చుక్క కొంచెము పైకి జరిగి అంటుకొన్నచో అది ధ వలె కనబడును. అదృష్టవశమున రెండును దైవతమే. కాని ప క్రింద చుక్క అంటి ఫ వలె కనబడినచో, ఫ యను స్వరము ఏ శాస్త్రమునను లేదు. స్వరముల వరుసకు క్రింద సాహిత్యపు వరుస యుండును గనుక, క్రిందిచుక్క ఆ సాహిత్యపు కొమ్ములకును గుడులకును తగులు భయమును కలదు.

ఐరోపావారికిని ఇట్టి చిక్కు వచ్చినది. వారు పాటలో బలమును మృదుత్వమును తెలుపుటకు అక్షరగుర్తులు పెట్టుదురు. 1597లో వెనిసునందు అచ్చైన జొవాన్నీ గబ్రియేలీ రచనలో మృదువుగా, బలముగా అను నాజ్ఞలను వాద్యములకు అచ్చుపుటపైననే వ్రాసిరి. అట్టి వానిలో అది మిక్కిలి ప్రాచీనమైనది. తరువాత ఒక కట్టుబాటు స్థిరపడెను: వాద్యమునకైనచో ఆ గుర్తు గీతలకు క్రింద; గాత్రమునకైనచో గీతలకు పైన. ఇట్లేల యనగా, గాత్రమున గీతలక్రింద సాహిత్యముండును. సాహిత్యమున్న చోట గుర్తు పెట్టినచో చదువరి కన్ను తడబడును. పియానోకు రెండు వరుసల గీతలుండును గనుక ఆ రెంటి నడుమ పెట్టుదురు. వారు చోటును నిర్ణయించినది అలంకారముకొఱకు గాదు. పాడువాని కన్ను ఏ క్షణమున ఎచ్చట నుండునో ఎఱిగి నిర్ణయించిరి.

చుక్క చోటు యొక్క మహిమను తెలుసుకొనుటకు మా తార్నాకవారు ఐరోపాకు పోనక్కఱలేదు. ఉస్మానియా ఆవరణముననే దాయిరతుల్ మారిఫ్ అను సంస్థ కలదు. 1888లో స్థాపితమైన యా సంస్థ ప్రాచీన అరబ్బీ గ్రంథములను పరిష్కరించి అచ్చువేయుచు వచ్చినది. అల్బెరూనీ రచించిన ఖానూనె మసూదీ యను జ్యోతిశ్శాస్త్రగ్రంథము 1954 మొదలు 1956 వఱకు అచ్చటనే అచ్చయ్యెను. అరబ్బీలిపిలో ఒకే యాకారమునకు క్రింద ఒక చుక్క యున్న బ, పైన రెండున్న త. మహ్రమ్ అనగా ఆంతరంగికుడు. అందలి ఒక అక్షరమునకు చుక్క చేర్చినచో ముజ్రిమ్, అనగా అపరాధి. వ్రాతప్రతులలో లేఖకుని చేయి జరిగి చుక్క ప్రక్కకు పోయినచో, పరిష్కర్త పది ప్రతులను ఎదుట బెట్టుకొని అది ఎవరి చుక్కయో తేల్చవలెను. ఆ పనికి జీవితములు ధారపోసిన పండితులు ఆ భవనమున పనిచేసిరి.

ఇపుడు వర్తమానమునకు వత్తును. నేడు పాటను వ్రాయునది కంప్యూటరు. సిబేలియస్, డోరికో, మ్యూస్‌స్కోర్ అను పేళ్లుగల స్వరలిపి సాఫ్ట్‌వేర్లు కలవు. వీనిలో గుర్తును పుటపై ఎచ్చటనో అంటించుట గాక, ఒక స్వరమునకు కట్టుదురు. స్వరము జరిగినచో గుర్తును వెంట నడచును. ఒకదానితో నొకటి తగులకుండ యంత్రమే వానిని పైకిని క్రిందికిని జరుపును. 2018లో వచ్చిన మ్యూస్‌స్కోర్ మూడవ రూపమున ఈ స్వయంస్థాపనము ముఖ్యగుణముగా వచ్చినది. ఐదుగీతల లిపికి ఇది గొప్ప సౌకర్యము.

విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచు తార్నాకలో నివసించు నొక విద్యార్థిని కొన్ని నెలల క్రిందట తన అమ్మమ్మ చేతివ్రాత పుస్తకమును తెచ్చెను. ఆమె అమ్మమ్మ గతించి నాలుగేండ్లైనది. పుస్తకమున నలుబదికి పైగా కీర్తనలు స్వరసహితముగా కలవు. అక్షరములపై ఎఱ్ఱపెన్సిలుతో చిన్న సున్నలు, కొక్కెములు కలవు. కొన్ని సరిగా తలపైన, కొన్ని కుడిప్రక్కకు ఒరిగి, కొన్ని రెండు స్వరముల నడుమ. ఆ పిల్ల శ్రద్ధగా అన్నిటిని యంత్రమున కెక్కించెను. యంత్రము అన్ని గుర్తులను ఒకే యెత్తున, అక్షరముల నడినెత్తిన, ముత్యములవలె కూర్చెను. ఆ ప్రతిని మరియొక యంత్రమున తెఱచినపుడు అక్షరరూపము మారి, కొన్ని చుక్కలు తమ అక్షరములను విడిచి వట్టి చుక్కలవలయములపై నిలిచినవి. "సార్, చుక్క ఎవరిదో తెలుస్త లేదు" అని ఆమె నాతో ననెను.

వలయములపై తేలిన చుక్కల చిక్కు చిన్నది. వానిని మరల సరిచేయవచ్చును. నాకు భయము గొలిపినది ముత్యములవలె కూర్చిన పుట. ఒరిగిన కొక్కెమునకును నిటారుగా నున్న కొక్కెమునకును అమ్మమ్మ మనస్సున భేదముండెనేమో. రెండు స్వరముల నడుమ నున్న సున్న, ఒక స్వరమునుండి మరియొకదానికి పోవు మార్గమును చెప్పుచుండెనేమో. యంత్రము అందముకొఱకు ఆ ఒరుగును సరిదిద్దినది. పుట చక్కబడినది, సాక్ష్యము చెఱిగినది. సంగీత మెఱిగిన ముగ్గురకు చూపితిమి. ముగ్గురును మూడర్థములు చెప్పిరి. కుడుమియామలై చుక్కలకును ఈ యెఱ్ఱసున్నలకును పదమూడు వందల యేండ్ల దూరము కలదు. చేతికి వచ్చిన చిక్కు మాత్రము ఒక్కటే.

తుదకు మేము చేసిన పని యిది. ప్రతి పుటకు ఛాయాచిత్రము తీసి టైపుప్రతికి ఎదుట నుంచితిమి. యంత్రపు స్వయంస్థాపనమును ఆపి, ప్రతి గుర్తును అమ్మమ్మ పెట్టిన చోటనే, ఒరిగినదానిని ఒరిగినట్లే నిలిపితిమి. కీర్తనను విని పోల్చి నిశ్చయింప గలిగిన గుర్తుల యర్థములను మొదటి పుటలో వ్రాసితిమి. తక్కినవానికి ఎదుట ప్రశ్నచిహ్నము పెట్టితిమి. తెలియనిదానిని తెలిసినట్లు చూపుటకంటె, తెలియనిదిగనే తరువాతివారికి అప్పగించుట మేలు.

యంత్రములు చిరస్థాయులని యెవరును తలపవలదు. 1988లో పుట్టి లోకమంతట వ్యాపించిన ఫినాలే యను స్వరలిపి సాఫ్ట్‌వేరును ఇక పెంపొందింపబోమని 2024 ఆగస్టులో దాని నిర్మాతలు ప్రకటించిరి. దానిలో వ్రాసిన పాటలను ఇపుడు ఇతర సాఫ్ట్‌వేర్లలోనికి మార్చుకొనవలెను. ఆ మార్పునకు వాడు మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అను పద్ధతి యొకటి కలదు. 2004లో వెలువడిన ఆ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి యేమనగా, గుర్తు ఎచ్చట నుండవలెనో చిత్రించుటకు మాఱుగా, పైన, క్రింద అను నర్థము గల మాటలతోనే వ్రాసికొనుటకు అందు ఏర్పాటు కలదు. చోటు మాటగా మాఱినందున ఒక యంత్రము పోయినను మరియొక యంత్రము చదువగలదు. శార్ఙ్గదేవుడు శ్లోకములో చేసినదియు, దీక్షితుల వారు గ్రంథము ముందుభాగమున చేసినదియు ఇదియే.

కావున శ్రోతలకు నా విన్నపము. మన యిండ్లలో ఇట్టి పుస్తకములు ఇంకను కలవు. అమ్మమ్మలవి, మేనత్తలవి, వీథిబడి భాగవతులవి. బీరువా అడుగున, పాత చీరల నడుమ అవి పడియున్నవి. వానిని యంత్రమున కెక్కించుట తరువాత చూచుకొనవచ్చును. ఆ గుర్తులు పెట్టినవారుగాని, వారివద్ద నేర్చినవారుగాని సజీవులై యున్నచో, ఈ వారముననే వారియొద్దకు పోవుడు. పుస్తకము తెఱచి ఒక్కొక్క గుర్తుపై వ్రేలుంచి, ఇది ఏమి, ఇచ్చట ఏల పెట్టితిరి, పాడి చూపుడని యడుగుడు. వారు చెప్పినదానిని మొదటి కాగితముపై మాటలతో వ్రాయుడు, వారు పాడినదానిని చేతిలోని ఫోనున పదిలపఱచుడు. దానికి రెండు సాయంకాలములు చాలును. ఆ రెండు సాయంకాలములు దాటిపోయినచో, తరువాత ఎన్ని విశ్వవిద్యాలయములు కూడినను ఆ యెఱ్ఱసున్న యర్థమును తిరిగి తేలేవు.